సోమ, శుక్రవారాల్లో వెలిగే వెండి

జూలై 8, సోమవారం

పేపరు తిరిగొచ్చింది. రెండో రివ్యూయర్ ఎవరో గానీ, ఆయన కడుపు చల్లగుండ, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "మీ సెన్సర్ ల్యాబ్ సీసాల్లోని అల్యూమినియాన్ని పట్టుకుంటోంది, సంతోషం. బయట జనం తినేదాంట్లో ఎప్పుడైనా పట్టుకుందా?" పట్టుకోలేదు. దాన్ని నేను ఎప్పుడైనా బయటికి తీసుకెళ్తే కదా.

ఈ పేపరు ఒప్పుకోకపోతే థీసిస్ ఇవ్వనివ్వరు. థీసిస్ ఇవ్వకపోతే ఫెలోషిప్ అయిపోయాక నాన్న పెన్షన్ మీద బతకాలి. నాన్న ఇంకా రిటైరే కాలేదు.

భోజనాల దగ్గర నాన్న, "ఇంతకీ నువ్వు కనిపెట్టింది ఏవిట్రా" అని అడిగాడు. ఏడాదికోసారి అడుగుతాడు. మళ్ళీ చెప్పాను. బీ-నైన్ అనే మందు. అంతకుముందు చేసిన ఎనిమిదీ దేనికీ పనికిరాలేదు. దీన్ని కాగితం ముక్కకి పట్టించి ఆరబెడతాం. యూవీ లైటు కింద పెడితే ఏమీ ఎరగనట్టు చీకటిగా ఉంటుంది. అల్యూమినియం అయాన్లు తగిలాయంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. నాన్న ఆడిట్ ఆఫీసు మనిషి, వెంటనే అందుకున్నాడు. "అంటే తప్పు దొరికితే లైటు వెలుగుతుందన్నమాట. మా ఆఫీసులో పెడితే కరెంటు బిల్లు కట్టలేరు."

దారి చూపించింది గైడ్ సారే. "ఓల్డ్ సిటీలో ఉంటావు కదయ్యా. స్వీట్ల మీద అతికించే వెండి వరఖులో కొందరు అల్యూమినియం కలుపుతారట. పట్రా, టెస్ట్ చెయ్యి" అన్నారు. వరఖు కోసం నేను గుమ్మం దాటక్కర్లేదు. మాదన్నపేటలో మేముండే ఇంటి ఓనర్ మహబూబ్ భాయ్ కింద వాటాలో కొట్టేది అదే.

ల్యాబ్‌లో గ్లోవ్స్ అయిపోయాయి. ఇండెంట్ పెట్టాం. స్టోర్స్ వాళ్ళు "వస్తాయి" అన్నారు. ఎప్పుడని అడిగితే కూడా "వస్తాయి" అనే అన్నారు.

పొద్దున గడ్డం గీసుకుని వెళ్ళాను. ఫ్లోరెసెన్స్ మెషీన్ మా ల్యాబ్‌కి ఇచ్చేది సోమ, శుక్రవారాలే. అంత ఖరీదైన మెషీన్ ముందు శుభ్రంగా కూర్చోవడం మర్యాద. బ్లేడు కొత్తది, తెగింది. నాన్న పటిక ముక్క రుద్దుకున్నాను. చల్లగా హాయిగా ఉంది.

మెషీన్ టైములో సగం నాది, సగం జూనియర్ హరిప్రియది. ఉప్పుగూడ అమ్మాయి. పేలుడు మందుల్ని పట్టే కాగితం చేస్తోంది. అది ముందునుంచీ వెలుగుతూ ఉంటుంది, పేలుడు మందు తగిలితే ఆరిపోతుంది. వాళ్ళమ్మ సంబంధాల వాళ్ళకి "మా పాప బాంబుల మీద చదువుతున్నది" అని చెప్పడంతో వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయిందట. నవ్వుతూ చెప్పింది. నేను విచారం వ్యక్తం చేశాను.

ల్యాబ్‌లో సీనియర్లందరినీ అన్నా అంటుంది. నన్ను మాత్రం భరద్వాజ్ గారూ అంటుంది. దూరం పెడుతోందనుకుంటాను. ఇది ఇక్కడ రాయాల్సిన సంగతి కాదు.

జూలై 9, మంగళవారం

మహబూబ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న సుత్తి అది. చిన్న వెండి ముక్కల్ని పొరల మధ్య పెట్టి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచబడే దాకా కొడతాడు. ఆ చప్పుడు మీదే మా ఇల్లు నడుస్తుంది. ఆయన మొదటి చాయ్ కోసం సుత్తి దించితే అమ్మ కుక్కర్ కట్టేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం నాన్నకి ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు.

"రా బేటా, కూసో. ఇయ్యాల కాలేజీ లేదా?"

టెస్ట్ చేయడానికి కొన్ని వరఖులు కావాలన్నాను.

"టెస్టా? నా చాందీకా?" సుత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "కర్ లో. మా దాదా కొట్టిండు, మా అబ్బా కొట్టిండు, నేను కొడుతున్న. గిప్పటిదాంక ఎవ్వరు టెస్ట్ చెయ్యలే. నువ్వన్న చెయ్యి. సర్టిఫికెట్ ఇస్తవా? ఫ్రేమ్ కట్టిచ్చి గీ గోడకు పెడత."

ఇస్తానన్నాను. కాగితాల మధ్య పెట్టి ఇచ్చాడు. వచ్చేటప్పుడు ఆయన భార్య షహనాజ్ ఆపా మా గిన్నె ఇచ్చింది, నిండా ఖుబానీ మీఠా. నిన్న అమ్మ అందులోనే గుత్తివంకాయ పంపింది. మా గిన్నె కిందికి వెళ్ళినా, వాళ్ళ గిన్నె పైకి వచ్చినా ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఇంట్లో ఏమీ లేకపోతే నిమ్మకాయలైనా వేసి పంపుతారు.

జూలై 12, శుక్రవారం

వెలిగింది.

వరఖుని పలచని యాసిడ్‌లో వేసి వేడి చేశాను. చల్లారాక బఫర్ కలిపి, బీ-నైన్ కాగితం ముంచి డార్క్ రూమ్‌లో యూవీ లైటు కింద పెట్టాను. ఆకుపచ్చ! నేను పట్టుకున్న మూల దగ్గర మొదలై లోపలికి పాకింది. కాగితంలో తడి అలాగే పాకుతుంది కాబోలు, ఇది పేపర్లో రాయచ్చు. వరఖు మాత్రం ట్యూబులో చెక్కుచెదరకుండా తేలుతోంది. యాసిడ్ పాతదై ఉంటుంది.

హరిప్రియ చూసింది. "ఇంకోపారి చెయ్యండి భరద్వాజ్ గారూ. పక్కన ఉత్త నీళ్ళతోని గుడ ఒకటి చెయ్యండి" అంది.

ఉత్త నీళ్ళతో పోయినేడాది చేశాను, చీకటిగానే ఉంది. నీళ్ళు ఏడాదికోసారి మారవు కదా. జూనియర్లకి ఈ మధ్య చొరవ ఎక్కువైంది. అయినా ఆమె అన్న తీరులో వెటకారం లేదు. కళ్ళలో నిజంగానే ఆదుర్దా ఉంది. పొద్దున నాన్న పటిక అరగదీస్తున్నానని గొణిగాడు గానీ గడ్డం బాగా కుదిరింది. హరిప్రియ అటువైపు చూసినట్టు లేదు.

పేపరు గట్టెక్కింది. కానీ ఇంటికి వచ్చేటప్పుడు మహబూబ్ భాయ్ "ఏమాయె బేటా సర్టిఫికెట్?" అని కేకేశాడు. ఇంకా కాలేదన్నాను. మెట్లు రెండేసి ఎక్కి పైకొచ్చేశాను.

జూలై 13, శనివారం

అమ్మకి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను.

జూలై 14, ఆదివారం

అమ్మ ఎవరికీ చెప్పలేదట. పక్కింటి నాగమణమ్మ గారితో మాత్రం "మహబూబ్ భాయ్ వరఖు సంగతి ఎక్కడా అనకూడదని మా వాడు ఒట్టేయించుకున్నాడు, కాబట్టి నన్నేమీ అడక్కండి" అందట.

జూలై 15, సోమవారం

మళ్ళీ వెలిగింది. సార్ భుజం తట్టారు.

హరిప్రియ, "నీళ్ళతోని చేసిండ్రా?" అని అడిగింది. చేస్తానన్నాను. "చొక్కా కొత్తదా?" అని కూడా అడిగింది. పాతదే అన్నాను. కొత్తది.

జూలై 18, గురువారం

ఇవాళ స్లాట్ లేదు, చేతి లైటుతో చేశాను. వెలగలేదు. లైటులో బ్యాటరీ తగ్గినట్టుంది. ఈ ఫలితం లెక్కలోకి తీసుకోను.

మొహం మీద మూడు రోజుల గడ్డం చూసి అమ్మ, "సన్యాసుల్లో కలుస్తావేవిట్రా" అంది. స్లాట్ రేపు కదా.

జూలై 19, శుక్రవారం

యూనివర్సిటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే మహబూబ్ భాయ్ పైకొచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి మాట్లాడే మనిషి, లోపలికి వచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు.

"శ్రీహరిరావ్ సాబ్, సంతోష్‌నగర్ మిఠాయి దుకాణం సీతారాం సేఠ్ ఆర్డర్ వాపస్ తీస్కున్నడు. రాఖీ మాల్ మొత్తం. ఎందుకంటే చెప్తలేడు. గట్టిగ అడిగితే అప్పుడన్నడు, నీ ఇంట్ల ఉన్న సైంటిస్టే అన్నడంట గద, నీ చాందీల అల్యూమినియం ఉన్నదని." నా వైపు తిరిగాడు. "అన్నవా బేటా?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

"అన్నాను భాయ్. కాగితం వెలిగింది."

"నా ముంగట చెయ్యి."

సంచిలో సరంజామా ఉంది. యాసిడ్‌ని వంటింటి పొయ్యి మీద వేడినీళ్ళలో పెట్టాను. చీకటి కోసం నాన్న స్టూలెక్కి కిటికీకి దుప్పటి అడ్డం పట్టుకున్నాడు. చెమటలు పడుతున్నాయి. కంగారైతే నాకు గడ్డం నిమురుకునే అలవాటు, నిమురుకుంటూనే ఉన్నాను. కాగితం తీసి ముంచి లైటు కింద పెట్టాను. ఎప్పుడూ లేనంత ధగధగా వెలిగింది.

మహబూబ్ భాయ్ చాలాసేపు దాన్నే చూశాడు. ఆయన మొహం మీద ఆ ఆకుపచ్చ పడింది.

"గిది నేనిచ్చిందేనా?"

"మీరిచ్చిందే భాయ్."

"నీ లైట్ ఝూట్ చెప్తదా?"

"చెప్పదు."

"అయితే నేను చెప్తున్ననా?"

ఆయన లేచి, నాన్న దుప్పటితో సహా స్టూలు దిగడానికి చెయ్యి అందించి, కిందికి వెళ్ళిపోయాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

జూలై 20, శనివారం

సుత్తి చప్పుడు లేదు.

జూలై 21, ఆదివారం

చప్పుడు లేదు. అమ్మ పప్పు మాడ్చింది. నాన్న నిద్ర పట్టక పాత పేపర్లన్నీ కట్టలు కట్టాడు, తర్వాత ఏదో వెతుకుతూ అవే కట్టలు విప్పాడు.

అమ్మ పులిహోర చేసి తనే కిందికి తీసుకెళ్ళి ఇచ్చింది. సాయంత్రానికి గిన్నె వచ్చింది. తళతళా కడిగి, తుడిచి, ఖాళీగా. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ముప్ఫై ఏళ్ళలో ఇదే మొదటిసారి" అని, "నా నోరు పడిపోనూ" అని ఏడ్చింది.

ఇందులో నా తప్పు లేదు. నేను ఫలితం చెప్పాను, అంతే. ఇప్పుడే ఈ వాక్యం మళ్ళీ చదివాను. దరిద్రంగా ఉంది.

జూలై 22, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

డార్క్ రూమ్‌లో బీ-నైన్ ద్రావణంలో కాగితాలు ముంచుతున్నాను. గ్లోవ్స్ లేవు, వేళ్ళన్నీ తడి. మనసంతా ఆ ఖాళీ గిన్నె మీదే ఉంది. మునివేళ్ళతో గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాను. హరిప్రియ తన కాగితం చూసుకోవడానికి యూవీ లైటు వేసింది.

"భరద్వాజ్ గారూ."

"ఊఁ."

"మీ గదవ వెలుగుతున్నది."

నా మనసు బాగోలేదు, పరాచికాలు వద్దన్నాను. ఆమె ఫోన్ తీసి, ముందు కెమెరా ఆన్ చేసి నా మొహానికి పట్టింది. చీకట్లో రెండు చెంపలూ, గడ్డమూ ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. నిమురుకున్న వేళ్ళ చారలు ఎక్కడికక్కడ లెక్కపెట్టచ్చు. హరిప్రియ నవ్వీ నవ్వీ కింద కూలబడింది. చటుక్కున ఆపేసింది.

"మొఖానికి ఏం పెట్టిండ్రు?"

"ఏమీ లేదు."

"క్రీమా? పౌడరా?"

"అలాంటివి నాకు అలవాటు లేదు. గడ్డం గీసుకున్నాక నాన్న పటిక..."

మాట బయటికి వచ్చేశాక నా చెవికి నాకే వినిపించింది. పటిక. పటిక నిండా ఉండేది అల్యూమినియమే అని ఇంటర్ కుర్రాణ్ణి లేపి అడిగినా చెప్తాడు. నాలుగేళ్ళుగా అల్యూమినియాన్ని పట్టుకుంటానని తిరుగుతూ, దాన్నే పొద్దున్నే మొహానికి రుద్దుకుని బస్సెక్కుతున్నాను.

"మహబూబ్ భాయ్ చాందీల ఏం లేదు" అంది హరిప్రియ మెల్లగా. "ఉన్నదంత మీ చెంపల మీదనే. ఆడికెల్లి వేళ్ళకొచ్చింది, వేళ్ళకెల్లి కాగితానికొచ్చింది. వరఖు యాసిడ్ల కరిగిందా అసలు?"

"తేలింది."

"అల్యూమినియమైతే బుడగలొచ్చి కరిగిపోదా?"

పోతుంది. వెలుగు చూసిన సంబరంలో ట్యూబు సంగతి పట్టించుకోలేదు. వరఖు తేలితే యాసిడ్‌ది తప్పన్నాను. కాగితం వెలగని రోజు బ్యాటరీది తప్పన్నాను.

"మరి గురువారం ఎందుకు వెలగలే?"

"ఆ రోజు గడ్డం గీసుకోలేదు."

"ఎందుకు గీసుకోలే?"

నేను మెషీన్ వైపు తిరిగాను. "స్లాట్ లేదు కదా" అన్నాను. ఆమె లైటు ఆర్పి, మళ్ళీ వేసింది. ఎందుకో తెలియదు.

"రుజువు కావాలె" అంది చివరికి. "రేపు గడ్డం మొత్తం గీసుకొండ్రి. పటిక ఎడమ దిక్కే పెట్టుండ్రి. కుడి దిక్కు వద్దు. చేతులు తగలకుంట చిమటాతోని పట్టుకొని వరఖు మళ్ళ చేద్దాం, పక్కన నీళ్ళు గుడ."

"రేపు మంగళవారం."

"అయితే ఏంది? నేనొస్త."

జూలై 23, మంగళవారం

ఎడమ చెంప వెలిగింది. కుడి చెంప వెలగలేదు, మండింది. చిమటాతో పట్టుకున్న కాగితాల్లో నీళ్ళదీ చీకటే, మహబూబ్ భాయ్ వరఖుదీ చీకటే. వరఖు యాసిడ్‌లో హాయిగా తేలింది.

సార్‌కి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇప్పుడు రివ్యూయర్‌కి ఏం రాస్తావు? బయటి శాంపిల్ కింద విద్యార్థి బుగ్గ అని రాస్తావా?" అన్నారు.

మహబూబ్ భాయ్‌కి చెప్పాలి. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో రాయి పడినట్టు వంగి చూసుకుని, పైకి వచ్చేశాను.

జూలై 24, బుధవారం

చెప్పాను. పటిక, గడ్డం, వేళ్ళు, అన్నీ. నన్ను క్షమించమన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. సుత్తి మీద పాత గుడ్డ కప్పి ఉంది.

"నా చాందీ సంగతి నాకెర్కే బేటా. నాకు చెప్తే ఏం ఫాయిదా? ఎవల ముంగట నా పేరు పోయిందో, గాళ్ళ ముంగట చెప్పు."

రేపు సీతారాం దుకాణానికి వెళ్తున్నాం.

జూలై 25, గురువారం

సంతోష్‌నగర్‌లో ఇక నేను తలెత్తుకుని తిరగలేను. అయినా సంతోషంగానే ఉంది.

సీతారాం గారి స్వీట్ల దుకాణం వెనక సరుకు గది ఉంది, కిటికీ లేదు. అక్కడ నేను, పెద్ద లైటు పట్టుకుని హరిప్రియ, మహబూబ్ భాయ్, నాన్న, "అసలు నేనేమీ అనలేదు, అయినా రావాలి కదా" అంటూ అమ్మ, ఆవిడ ఏమీ అనలేదనడానికి సాక్షిగా నాగమణమ్మ గారు. సంగతి తెలిసి దుకాణంలోని బేరాలు కూడా లోపలికి వచ్చేశాయి.

ముందు మహబూబ్ భాయ్ వరఖు. చిమటాతో పట్టాను, చెయ్యి తగలనివ్వలేదు. తేలింది, వెలగలేదు.

"మరి మొన్న వెలిగిందంటిరి గద?" అన్నాడు సీతారాం.

అప్పుడు చెప్పాను. అందరి ముందూ, గట్టిగా. మహబూబ్ భాయ్ వరఖులో ఏ కల్తీ లేదనీ, కల్తీ నా మొహాన ఉందనీ. పొద్దున ఎడమవైపు మళ్ళీ పటిక రాసుకునే వెళ్ళాను. దూదితో మందు అద్దుకుని తల తిప్పాను. హరిప్రియ లైటు వేసింది. గదంతా "అరెరెరె" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒకాయన, "నేను గుడ ఇప్పుడే సెలూన్‌కెల్లి వస్తున్న, నాది చూడుండ్రి" అన్నాడు. వెలిగాడు. ఇంకొకాయన వెలిగాడు. మా వైపు మంగలి షాపుల్లో గడ్డం అయ్యాక పటిక రుద్దకుండా ఎవర్నీ వదలరు. వరస కట్టారు. దూది అయిపోతే నాన్న తన చేతిరుమాలు ఇచ్చి, ఆఖర్న తన మొహం కూడా పెట్టాడు. నాన్న అందరికన్నా బాగా వెలిగాడు. చివరికి సీతారాం గారి రెండు చెంపలూ వెలగడంతో మహబూబ్ భాయ్ అన్నాళ్ళ తర్వాత నవ్వాడు.

"సేఠ్, నువ్వు గుడ అల్యూమినియమేనా? గిప్పుడు నీ ఆర్డర్ ఎవరు వాపస్ తీస్కోవాలె?"

నవ్వులు తగ్గాక హరిప్రియ పళ్ళెంలోని కాజూ కత్లీ వంక చూసింది. "గీ వరఖు ఎవరిది?" అని అడిగింది. మహబూబ్ భాయ్‌ని ఆపేశాక వేరే చోట నుంచి చవగ్గా తెప్పించాడట. ఆమె చిమటాతో ఒక పొర లేపి యాసిడ్‌లో వేసింది. నిమిషంలో బుసబుసా బుడగలొచ్చి వరఖు మాయమైపోయింది. బఫర్ కలిపి కాగితం ముంచితే ఆకుపచ్చ. ఈసారి మూల నుంచి కాదు, మునిగిన చోటు నుంచి.

సీతారాం బస్తా మీద కూర్చుండిపోయాడు. "మహబూబ్ భాయ్, మాఫ్ చెయ్యి. రాఖీకి నువ్వే కొట్టాలె" అన్నాడు. మహబూబ్ భాయ్ ఆయన్ని దెప్పలేదు. ఆ పళ్ళెం ఎవరికీ అమ్మొద్దని మాత్రం అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచివాడి పేరు మీద బురద చల్లాను!

నా కాగితం పనిచేస్తుంది. పాడు చేసింది నేను.

అప్పుడే మహబూబ్ భాయ్ నన్ను పైకీ కిందికీ చూసి అడిగాడు. "ఒక్కటి సమజ్ కాలే బేటా. నువ్వు రోజు గడ్డం గీసుకునేటోనివి కావు. టెస్ట్ ఉన్న దినమే ఎందుకు గీసుకున్నవ్?"

నా బదులు అమ్మ మాట్లాడింది. "వాడు సోమవారం, శుక్రవారమే గీసుకుంటాడండీ. ఎందుకో నాకూ అర్థం కాదు."

"గవి నా స్లాట్ దినాలు" అంది హరిప్రియ. అంతమందిలో, అంత స్పష్టంగా. ఆ తర్వాత ఏమన్నదో తనకే తెలిసినట్టుంది, లైటు ఆర్పేసింది.

చీకట్లో ఎవరూ ఏమీ అనలేదు. నాగమణమ్మ గారు కూడా.

ఇన్నాళ్ళూ మెషీన్ మర్యాద అని రాసుకున్నాను. మెషీన్‌కి నా గడ్డంతో ఏం పని? నాకు హరిప్రియ అంటే ఇష్టం. ఈ ముక్క నాకన్నా ముందు బీ-నైన్‌కి తెలిసింది.

జూలై 26, శుక్రవారం

పొద్దున్నే సుత్తి. అమ్మ గ్యాస్ పొయ్యి ముందు నిలబడి కాసేపు ఊరికే వింది.

సాయంత్రం షహనాజ్ ఆపా పైకొచ్చి గిన్నె ఇచ్చింది. డబుల్ కా మీఠా, పైన పక్షి రెక్కంత వరఖు, గాలికి అల్లాడుతోంది. "అబ్బాయిని ముందు టెస్ట్ చెయ్యమనుండ్రి, తర్వాత తినుండ్రి" అంది. అమ్మ, ఆపా ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చి నవ్వారు. నేను టెస్ట్ చేయకుండానే తిన్నాను.

సర్టిఫికెట్ రాసి ఇచ్చాను. సార్ సంతకం కూడా పెట్టించాను. మహబూబ్ భాయ్ ఫ్రేమ్ కట్టించే దాకా సుత్తి ముట్టనన్నాడు, అయిదు నిమిషాల్లో ముట్టాడు.

కాజూ కత్లీ వరఖు ఫలితాలతో పేపరు మళ్ళీ పంపించాం. పద్ధతి దగ్గర "గ్లోవ్స్ తప్పనిసరి" అని సార్ తనే రాశారు. గ్లోవ్స్ డబ్బా ఇవాళే వచ్చింది.

స్లాట్ అయిపోయాక హరిప్రియ, "ఆదివారం మా ఇంటికాడ బోనాలు. నువ్వొస్తవని మా అమ్మకు చెప్పిన" అంది. గారూ లేదు, మీరూ లేదు. ఏమని చెప్పావని అడిగాను. "బాంబులకు భయపడని మనిషి అని" అంది.

జూలై 28, ఆదివారం

స్లాట్ లేదు. గడ్డం గీసుకున్నాను.

పటిక ముట్టుకోలేదు, చెంపలు భగ్గుమంటున్నాయి. నాన్న తన ముక్క కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, నా మీద నమ్మకం లేక. అమ్మ సంచిలో కొబ్బరికాయ, పూలు పెట్టి, ఆ అమ్మాయి ఇంట్లో నోరు జారొద్దని చెప్పింది. అమ్మ చెప్పింది!

మెట్లు దిగుతుంటే మహబూబ్ భాయ్ సుత్తి ఆపి నా మొహం కేసి చూశాడు.

"ఏంది బేటా, ఇయ్యాల గుడ టెస్టా?"

"అవును భాయ్."

"పాసవుతవ్, పో" అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఈ మాట రాసుకోవడానికే వెనక్కి పైకొచ్చాను. ఉప్పుగూడకి ఆలస్యమవుతోంది.